ముగ్గురూ మనవాళ్లే అయితే ఓటు ఎవరికి?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నాను. టీ పెట్టుకుని కూర్చోండి. చదివాక తిట్టాలనిపిస్తే ఇక్కడే, అందరి ముందూ తిట్టండి. రాత్రి పదకొండింటికి విడిగా ఫోన్లు చేయకండి.

ఈ మధ్య మన గ్రూపులో ఒక పోస్టరు తిరుగుతోంది. వరాహగిరి వెంకటగిరి గారి ఫోటో, వెనకాల జెండా, కింద లావుపాటి అక్షరాల్లో "2027లో మళ్ళీ మనవాడే రాష్ట్రపతి కావాలి" అని. ద్రౌపదీ ముర్ము గారి పదవీకాలం 2027 జూలైతో అయిపోతుంది కదా, అప్పటికి ఇప్పట్నించే తోరణాలన్నమాట. పోస్టరు కింద దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ "మనవాడు" ఎవరని ఒక్కరూ అడగలేదు. వచ్చి మనకేం చేయాలన్నది అసలు ఎవరికీ తట్టనే లేదు.

నా తగువు ఆ "మనవాడు" అన్న మాటతోనే. గిరి గారితో కాదు. ఆయన 1894 ఆగస్టు 10న ఈ బరంపురంలో పుట్టారు, ఇక్కడి ఖల్లికోట కాలేజీలో చదివారు, ఆయన పేరు మీద గిరి రోడ్డు ఉంది. బడా బజార్‌లో సరుకు దింపుకునే ముఠావాళ్లకు కూడా ఆయన పేరు తెలుసు. కాదన్నవాడెవడు? కానీ రాష్ట్రపతి ఎన్నికను "మనవాడు" అన్న ఒక్క కొలతతో కొలవాలనుకుంటే ఆ కొలత పనికిరాదని తేల్చిచెప్పేది గిరి గారు గెలిచిన ఎన్నికే. అందుకే ఆ పోస్టరు మీద ఆయన ఫోటో చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

1969 సంగతి ఒకసారి గుర్తుచేసుకుందాం. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే పోయారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి గారు తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నారు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పెద్దలు కూర్చుని ఇందిరా గాంధీకి ఇష్టం లేకపోయినా నీలం సంజీవరెడ్డి గారిని అభ్యర్థిగా తేల్చారు. గిరి గారు జూలై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు రాజీనామా చేసి, స్వతంత్రంగా దిగారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ కలిసి చింతామణి దేశ్‌ముఖ్ గారిని నిలబెట్టాయి. మొత్తం పదిహేను మంది బరిలో ఉన్నా లెక్కలోకి వచ్చేవాళ్లు ఈ ముగ్గురే.

ఇప్పుడు మీ "మనవాడు" కొలబద్ద తీయండి. సంజీవరెడ్డి గారిది అనంతపురం జిల్లా ఇల్లూరు, ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. గిరి గారిది మన బరంపురం. మరి దేశ్‌ముఖ్ గారు మరాఠీ ఆయన కదా అంటారేమో. ఆయన భార్య దుర్గాబాయి, మన రాజమండ్రి ఆడపడుచు, ఆంధ్ర మహిళా సభ పెట్టిన మనిషి. 1953లో ఆయన తెలుగింటి అల్లుడయ్యారు. అల్లుడు మనవాడు కాకుండా పోతాడా? మన ఇళ్లలో అల్లుడికి జరిగే మర్యాద కొడుక్కి కూడా జరగదు! అంటే ముగ్గురికి ముగ్గురూ మనవాళ్లే. ఇప్పుడు చెప్పండి, ఓటు ఎవరికి?

ఓటు నాకూ లేదు, మీకూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. అయినా ఉందనుకుని ఆ ముగ్గురినీ ఎదురుగా నిలబెట్టి చూస్తే నాకేమనిపిస్తుందో చెబుతాను. మీకు మరోలా అనిపించవచ్చు. కనీసం అలా ఒకసారి చూడండి అన్నదే నా గోల.

మనిషిని కొలవడానికి నేను చూసేది ఒక్కటే. పదవి ఎందుకు వదిలాడు? ఎందుకు పట్టుకున్నాడన్నది ఎవడైనా కథ చెప్పగలడు, వదలడంలోనే నిజం బయటపడుతుంది. చిత్రమేమిటంటే ఈ ముగ్గురూ పదవులు వదిలినవాళ్లే.

సంజీవరెడ్డి గారు 1964లో ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తన ప్రభుత్వం మీద చేసిన వ్యాఖ్యలకు నొచ్చుకుని దిగిపోయారు. ఇప్పటి రోజుల్లో కోర్టు చెంప పగలగొట్టినా కుర్చీ దిగనివాళ్లను చూస్తున్నాం కాబట్టి ఆయన పెద్దమనిషి అనే ఒప్పుకుంటాను. కానీ 1969లో ఆయన సొంతంగా నిలబడిన అభ్యర్థి కాదు, ఒక ముఠా నిలబెట్టిన అభ్యర్థి. ఆ ముఠా కుస్తీ ఇందిరా గాంధీతో. నామినేషన్ కాగితం మీద ప్రతిపాదకురాలిగా సంతకం పెట్టిన ఇందిరమ్మే తరవాత "ఆత్మప్రబోధం ప్రకారం ఓటెయ్యండి" అని పిలుపిచ్చి ఆయన కాలు లాగింది. పార్లమెంటులో ఆయన మీద బూతు కరపత్రాలు పంచారు. ఆ మనిషి మీద నాకు జాలి ఉంది. జాలి ఉన్నంత మాత్రాన ఓటు వేసేస్తామా?

దేశ్‌ముఖ్ గారి దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. మన సంఘంలో ఎవరూ ఆయన పేరెత్తరు, అందుకని కూడా. రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు, ఆ తరవాత నెహ్రూ దగ్గర ఆర్థికమంత్రి. 1956లో బొంబాయి నగరాన్ని మరాఠీ వాళ్ల రాష్ట్రంలో కలపకుండా విడిగా ఉంచుతామంటే, కుదరదని కేంద్ర మంత్రి పదవి విసిరికొట్టి బయటికొచ్చారు. గమనించారా? ఆ ముగ్గురిలో తన భాష మాట్లాడేవాళ్ల కోసం ఢిల్లీలో కుర్చీ వదిలింది మన ఇద్దరు తెలుగువాళ్లు కాదు, మరాఠీ అల్లుడుగారు. మన బరంపురం తెలుగువాళ్ల బాధ ఇది అని 1969లో ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్లి చెప్పి ఉంటే ముందుగా అర్థం చేసుకునేది ఎవరు? నాకైతే సందేహం లేదు. కానీ ఆయన్ను నిలబెట్టిన పార్టీల లెక్క వేరు, ఆయన గెలవడనీ తెలుసు, రెండో ప్రాధాన్యం ఓట్లు ఎటు పోతాయన్నదే అక్కడి బేరం.

ఇక గిరి గారు. 1954లో ఆయన కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేస్తే, నా శాఖకు అర్థమేముంది అని రాజీనామా చేశారు. అది చిన్న సంగతి కాదు. డబ్లిన్‌లో లా చదువుతూ ఐరిష్ వాళ్ల పోరాటం కళ్లారా చూసి వచ్చిన మనిషి, మన స్టేషను మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వేలో కూలీలనూ గుమాస్తాలనూ కూడగట్టిన మనిషి, 1937లో బొబ్బిలి రాజాగారిని బొబ్బిలిలోనే ఓడించిన మనిషి. ఓటుంటే 1969లో నేను గిరి గారికే వేసి ఉండేవాణ్ణి. మొదటి ప్రాధాన్యం గిరి గారికి, రెండోది దేశ్‌ముఖ్ గారికి. 1954 నాటి రాజీనామా కాగితం చూసి వేస్తాను, ఆయన పుట్టిన ఊరు చూసి కాదు.

ఆగస్టు 16న ఓట్లు పడ్డాయి, 20న లెక్క తేలింది. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరి గారు 4,20,077 దగ్గర, రెడ్డిగారు 4,05,427 దగ్గర ఆగారు. ఇన్నేళ్లలో రెండో ప్రాధాన్యం ఓట్ల దాకా వెళ్లి తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. ఇందులో బరంపురం పుట్టుక చూసి వేసినవాళ్లెందరు? ఒక్కరైనా ఉన్నారా అని నా అనుమానం. ఇందిర కావాలా, వద్దా అన్నదే ఆ ఎన్నిక. మనం మాత్రం యాభై ఏళ్లు దాటాక కూడా అది మన వీధి గెలిచినట్టు పోస్టర్లు వేసుకుంటున్నాం.

పోస్టరు వేసినాయన పక్కన పెట్టేసిన భాగం కూడా చెప్పాలి, వేరేవాళ్లెవరూ చెప్పరు కాబట్టి. 1973లో ముగ్గురు సీనియర్ జడ్జీలను దాటేసి ఎ.ఎన్. రే గారిని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని చేసినప్పుడు రాష్ట్రపతి గిరి గారే. 1974 మే 8న దేశమంతా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. నడిపింది అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య, దాని నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. ప్రభుత్వం వేలమందిని జైళ్లలో కుక్కి, క్వార్టర్లలోంచి పెళ్లాం పిల్లల్ని బయటికి గెంటి, ఇరవై రోజుల్లో ఆ సమ్మెను అణిచేసింది. ఆ సమాఖ్యకు పునాది వేసినవాళ్లలో ఒకరు అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. ఆయన చేతులు కట్టేసి ఉన్నాయి, మంత్రివర్గం సలహా మేరకే నడవాలి, ఒప్పుకుంటాను. 1954లో మంత్రివర్గంలో ఉన్నప్పుడూ చేతులు కట్టేసే ఉన్నాయి కదా? అప్పుడు విప్పుకున్నారు. ఈ మాట అన్నందుకు నన్ను గిరి ద్రోహి అంటారని తెలుసు. అనండి. ఆయన్ను గౌరవించడమంటే ఆగస్టు 10న దండ వేసి, వేడిగా ఉప్మా తిని వెళ్లిపోవడమే అనుకునేవాళ్లతో నాకు మాటల్లేవు.

2022కి వద్దాం, ఎందుకంటే ఈ గొడవ మొదలైంది అక్కడే. ముర్ము గారిని అభ్యర్థిగా ప్రకటించిన రోజునుంచీ ఒడిశా అంతా "మన ఆడపడుచు" అని ఒక్కటే సంబరం. నవీన్ పట్నాయక్ గారు ప్రతిపక్షంలో ఉన్నవాళ్లను కూడా ఓటెయ్యమని అడిగారు. ఒడిశా నుంచి మొదటి రాష్ట్రపతి అని పత్రికలు రాశాయి. అంతే, మన గ్రూపు భగ్గుమంది. "మొదటివాడు మా గిరి" అని నాలుగు వారాలు యుద్ధం. గిరి గారు పుట్టిన ఏడాది అసలు ఒడిశా రాష్ట్రమే లేదు, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, 1936 ఏప్రిల్ 1న కదా ఒడిశా పుట్టింది అని ఒకరు. పుట్టిన మట్టి ఇప్పుడు ఒడిశాలో ఉంది కాబట్టి ఆయనే మొదటివాడు అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. ఆ నిజంతో మన పిల్లాడికి ఒక్క తెలుగు వాచకం వచ్చిందా? ఇంకో తమాషా, ఆంధ్రలో అటు వైసీపీ ఇటు తెలుగుదేశం ఇద్దరూ ముర్ము గారికే వేశారు. ఆవిడ ప్రత్యర్థి యశ్వంత్ సిన్హా గారికి ఆంధ్ర అసెంబ్లీ నుంచి ఒక్క ఓటూ పడలేదు.

నా అభిప్రాయం అడిగితే, సిన్హా గారు నాకు ఎక్కలేదు. ముగ్గురు పెద్దలు వద్దన్నాక ప్రతిపక్షం ఆయన దగ్గరికి వచ్చింది. రబ్బరు స్టాంపు రాష్ట్రపతిని కానన్నారు, ఆ మాట బాగుంది, కానీ రాజకీయ జీవితంలో ఎక్కువ భాగం ఏ పార్టీలో ఉన్నారో దాని మీద కోపమే ఆయన ప్రచారమంతా. ముర్ము గారు ప్రచారంలో దాదాపు ఏమీ మాట్లాడలేదు. అది నాకు నచ్చలేదు. అయినా ఆవిడ కాగితాలు చూస్తే గౌరవం కలుగుతుంది. ఇరిగేషన్ శాఖలో గుమాస్తా, తరవాత బడిపంతులమ్మ, 1997లో రాయరంగపూర్‌లో కౌన్సిలరు, రెండుసార్లు ఎమ్మెల్యే. ఝార్ఖండ్ గవర్నరుగా ఉన్నప్పుడు 2017లో, ఆదివాసుల భూముల చట్టాలను మార్చే బిల్లును, తన పార్టీ ప్రభుత్వమే పంపినా, సంతకం పెట్టకుండా తిప్పి పంపారు. నా కొలబద్దకు ఇది సరిపోతుంది.

ఇంకొక్క సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆవిడ పుట్టిన ఉపర్‌బెడాలో ఒక పల్లెకు అప్పటిదాకా కరెంటు లేదు. ఆవిడ పేరు అభ్యర్థిగా వచ్చాకే స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు మోసుకుంటూ పరిగెత్తారు. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ నాకు దాంట్లో ఒక రహస్యం కనిపించింది. పని జరిగేది ప్రచారం రోజుల్లో. గెలిచాక అభినందన సభలో కాదు.

సంతాలీ వాళ్లు ఆ రహస్యం మనకన్నా ముందే పట్టారు. మయూర్‌భంజ్‌లో పుట్టిన రఘునాథ్ ముర్ము గారు 1925లో వాళ్ల భాషకు ఓల్ చికి లిపి తయారుచేశారు. ఆ తరవాత పదుల ఏళ్లు ఊరేగింపులు, అర్జీలు, వినతి పత్రాలు. 2003లో 92వ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్లో చేరింది. రాష్ట్రపతి భవన్‌లోకి వాళ్ల మనిషి వచ్చింది దాని తరవాత పందొమ్మిదేళ్లకు. ముందు అడిగారు, సంబరం తరవాత చేసుకున్నారు. మన వరస తిరగబడి ఉంది. మనకు 1969లోనే రాష్ట్రపతి వచ్చాడు, అడగడం మాత్రం ఇంకా మొదలే కాలేదు.

అసలు ఏం అడగాలి అంటారా? ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. రాష్ట్రపతి పదవికీ బడా బజార్ తెలుగువాడికీ సంబంధం లేదని అనుకుంటున్నాం కదా? రాజ్యాంగం తెరిచి చూడండి. మన భాషకు సంబంధించిన తలుపుల మీద రాసి ఉన్న పేరు రాష్ట్రపతిదే. 347వ అధికరణం ఏం చెబుతుందంటే, ఒక రాష్ట్రంలో చెప్పుకోదగ్గ సంఖ్యలో జనం తమ భాషను గుర్తించమని కోరితే, ఆ రాష్ట్రమంతటా గానీ అందులో ఒక భాగంలో గానీ, చెప్పిన పనులకు ఆ భాషను అధికారికంగా గుర్తించమని రాష్ట్రపతి ఆదేశించవచ్చు. 350-ఎ అధికరణం ప్రకారం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సదుపాయం ప్రతి రాష్ట్రమూ కల్పించడానికి పూనుకోవాలి, దానికి అవసరమైన ఆదేశాలు ఇచ్చే అధికారం రాష్ట్రపతిది. 350-బి ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉండాలి. ఆయన్ను నియమించేది రాష్ట్రపతి, ఆయన నివేదిక ఇచ్చేది రాష్ట్రపతికి, ఆ నివేదికను పార్లమెంటు ముందు పెట్టించేది కూడా రాష్ట్రపతే. చివరి రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. అంటే గిరి గారు రాష్ట్రపతి అయ్యేనాటికి అవి పుస్తకంలో ఉన్నాయి. ముర్ము గారి నాటికీ ఉన్నాయి. రేపు వచ్చేవారి నాటికీ ఉంటాయి.

అభ్యర్థిని "నువ్వు ఎవరి బిడ్డవి?" అని కాకుండా "347 మీద నీ మాటేమిటి? 350-ఎ కింద ఎప్పుడైనా ఒక ఆదేశం ఇస్తావా? ఆ నివేదిక నీ బల్ల మీదికి వచ్చినప్పుడు గంజాం పేజీ తెరుస్తావా?" అని అడిగిన తెలుగు సంఘం ఒక్కటి చూపించండి.

మనలో ఒక లాయరు బాబాయి ఉన్నారు, ఆయన ఏమంటారో నాకు ముందే తెలుసు. "రాష్ట్రపతి సొంతంగా ఏమీ చేయలేడురా, 74వ అధికరణం చదువుకో, మంత్రివర్గం చెప్పినట్టే చేయాలి" అంటారు. చదివాను బాబాయ్. చేయలేకపోవచ్చు. అడగలేడా? ఒకసారి తిప్పి పంపలేడా? కె.ఆర్. నారాయణన్ గారు 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమంటే మళ్లీ ఆలోచించుకోండని తిప్పి పంపారు, మంత్రివర్గం వెనక్కి తగ్గింది. కలాం గారు 2006లో లాభదాయక పదవుల బిల్లును తిప్పి పంపారు. ఆ కుర్చీకి చెయ్యి లేకపోయినా నోరు ఉంది. పైగా మనం అడగాల్సింది అభ్యర్థిని ఒక్కరినే కాదు, ఓటు వేసేవాళ్లను. ఇది లాయరు బాబాయి కూడా కాదనలేరు.

ఆ లెక్క చూద్దాం. 2022లో ఎంపీ ఓటు విలువ 700. ఒడిశా ఎమ్మెల్యే ఓటు 149, ఆంధ్ర ఎమ్మెల్యేది 159. (ఇచ్ఛాపురం ఎమ్మెల్యే మన ఎమ్మెల్యే కన్నా పది ఎక్కువ, బాధపడకండి, అంతా 1971 జనాభా లెక్కల మాయ.) బరంపురం లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ స్థానాలు: ఛత్రపూర్, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి. ఏడు నూటనలభైతొమ్మిదులు 1,043, ఎంపీ 700, మొత్తం 1,743. ఈ ఎనిమిది మంది ఇళ్లూ మనకు తెలుసు. వాళ్లు పెళ్లిళ్లకు వస్తారు, ఠాకురాణీ యాత్రకు వస్తారు, ఓట్లప్పుడు బడా బజార్ ప్రతి కొట్టు గడపా తొక్కుతారు, తెలుగులో రెండు ముక్కలు కూడా మాట్లాడతారు. రాష్ట్రపతి ఎన్నికలో వాళ్ల మీద విప్ పనిచేయదు, ఓటు రహస్యం. వాళ్లను ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగామా?

అడగని ఘనత మనకు కొత్త కాదు. 1996లో పి.వి. నరసింహారావు గారు నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచి, నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. పదిహేను దాకా భాషలు వచ్చినవాడని పేరున్న మనిషి, తెలుగు నవలను హిందీలోకి అనువదించినవాడు, మన ఎంపీ! 1997లో నారాయణన్ గారికీ శేషన్ గారికీ మధ్య జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో బరంపురం తరఫున ఓటు తెలుగువాడి చేతిలో ఉంది. "మనవాడు" అంటే అంతకన్నా ఏం కావాలి? బడుల గురించి ఆయన చేతికి మన సంఘాలు ఇచ్చిన కాగితం ఏదన్నా ఉందా అని నేను మన పెద్దల్ని అడుగుతూనే ఉన్నాను. ఫోటోలు చూపిస్తున్నారు. శాలువాలు కప్పిన ఫోటోలు.

మొన్న 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికప్పుడూ ఇదే. సుదర్శన్ రెడ్డి గారు తెలుగువాడు, తెలుగువాళ్లంతా వేయాలి అన్నారు. ఆంధ్ర పార్టీలు రాధాకృష్ణన్ గారికి వేశాయి, బీఆర్ఎస్ వేయనే లేదు, ఇక్కడ బిజూ జనతాదళ్ కూడా వేయలేదు. 452కి 300. తెలుగు ఆత్మగౌరవం అన్న మాట ఎవరికి అవసరమైనప్పుడు వాళ్లు బయటికి తీసి, పని అయ్యాక ఇస్త్రీ చేసి బీరువాలో పెడతారు. ఆ మాట నమ్మి మనం ఇక్కడ గ్రూపులో తన్నుకుంటాం.

ఒడియా సోదరులు ఇది చదివి పొరపాటు పడకూడదని ఒక మాట. ఇది వాళ్ల మీద ఫిర్యాదు కాదు. బడా బజార్‌లో బేరం తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది, ఎవరికీ నష్టం రాలేదు. నిజానికి అడగడం ఎలాగో వాళ్లను చూసే నేర్చుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఈ గంజాంలో కచేరీల నిండా తెలుగు గుమాస్తాలు, బడుల్లో తెలుగు, అల్పసంఖ్యాకులుగా నలిగింది ఒడియా వాళ్లు. వాళ్లు మనవాడు ఎప్పుడు వైస్రాయి అవుతాడా అని కూర్చోలేదు. 1903లో ఈ బరంపురంలోనే గంజాం జాతీయ సమితి సభ పెట్టారు, ఆ ఏడాది చివరికి కటక్‌లో మధుసూదన్ దాస్ గారి ఉత్కళ సమ్మిళని పుట్టింది. అర్జీ మీద అర్జీ, కమిటీ మీద కమిటీ, ముప్పై మూడేళ్లు. 1936లో రాష్ట్రం తెచ్చుకున్నారు. ఇప్పుడు మనం అడిగేది రాష్ట్రం కాదు. బడిలో ఒక తెలుగు పంతులు.

తెలుగుకు ఎనిమిదో షెడ్యూల్లో మొదటినుంచీ చోటుంది, 2008లో ప్రాచీన భాష హోదా కూడా వచ్చింది. భాషకు కిరీటం ఉంది, బడిలో పంతులు లేడు. ఒక పంతులు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది, రెండేళ్లకు పిల్లలు లేరంటారు, మూడో ఏడు తెలుగు తరగతి ఎత్తేస్తారు. ఎక్కడని నన్ను అడగకండి, మీ వీధి చివర చూసుకోండి.

1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్క ఒకటి ఉంది, తరవాత భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లోనూ అదే తీసుకున్నారు. ఒక తరగతిలో పది మంది గానీ, బడి మొత్తంలో నలభై మంది గానీ ఆ భాష పిల్లలుంటే ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో చెప్పే పంతుల్ని వేయాలి. పది, నలభై. ఈ రెండు అంకెలూ గిరి గారి 4,20,077 కన్నా మనకు ముఖ్యం. మన పోస్టరు వీరులు తమ మనవల్ని ఇంగ్లీషు మీడియంలో వేసి, తెలుగు రెండో భాషగా కూడా వద్దని రాసిచ్చి, సాయంత్రం వచ్చి గిరి గారి ఫోటోకు దండాల బొమ్మ పెడుతున్నారు. ఆ నలభై మందిని ఢిల్లీ నుంచి రాష్ట్రపతి పంపిస్తాడా?

వచ్చే ఆదివారం సమావేశానికి నేను ఒక కాగితం తెస్తాను. ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. ఏడుగురు ఎమ్మెల్యేలకూ ఎంపీ గారికీ రాసింది. 2027లో మీ ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని 347, 350-ఎ, 350-బి గురించి మా తరఫున అడగండి, ఏం చెప్పారో మాకు రాతపూర్వకంగా తెలియజేయండి అని. దానితోపాటు ఇంకో కాగితం, గళ్లు గీసి తెస్తున్నాను. ఎవరి ఇంట్లో ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలు ఎంతమంది, ఏ బడి, తెలుగు చదవడానికి ఒప్పుకుంటారా, అవునా కాదా. మొదటి కాగితం మీద సంతకాలకు లోటుండదు, మనవాళ్లకు సంతకం అంటే సరదా. రెండో కాగితం ఎంతవరకు నిండుతుందో చూడాలి. పోస్టరు వేసినాయన ముందు వరసలో కూర్చుంటారు కాబట్టి ఆయన దగ్గరే మొదలుపెడతాను. పెన్ను నేనే తెస్తాను.